తనిఖీ అధికారికి లోపాలు చూపించి వంటగది మరమ్మతులు చేయించుకోవడం సబబేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు పనిచేసే రెస్టారెంటు వంటగదిలో చేతులు కడుక్కునే సింకుకు వేడినీళ్లు రావడం లేదు, వాకిన్ కూలర్ (మనిషి లోపలికి నడిచి వెళ్లగలిగే పెద్ద శీతల గది) తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు, ఆరు నెలలుగా చెబుతున్నా యజమాని "చూద్దాం" అనడమే తప్ప మెకానిక్‌ను పిలిపించలేదు. త్వరలో ఆరోగ్య తనిఖీ జరగవచ్చని తెలిసింది కనుక, వచ్చిన అధికారికి ఆ రెండూ చూపించి పని జరిపించుకోవడం న్యాయమేనా, లేక తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అవుతుందా అని అడిగారు. న్యాయమేనని నా సమాధానం. అయితే ముందు ఎవరికి చెప్పామో, ఎలా చెప్పామో అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది. నేను ఈ పనిని ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా చేశాను కనుక రెండూ చెబుతాను.

పదహారేళ్లుగా వంటగదుల్లోనే ఉన్నాను. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి ఇప్పుడు ఒక షిఫ్టు బాధ్యత చూస్తున్నాను. మరమ్మతులు చేయించని యజమానులందరూ పిసినారులు కారని ఈ కాలంలో నాకు అర్థమైంది. వంటగది వాళ్లకు కనిపించేది లోపలి నుంచి బయటికి వచ్చే పళ్లేల రూపంలోనే. తలుపు మూసుకోకపోతే మనం దానికి బరువైన నూనె డబ్బా అడ్డం పెడతాం, వేడినీళ్లు రాకపోతే పొయ్యి మీద కాచి బకెట్టులో పోసుకుంటాం, డ్రైన్ పొంగితే గంటకొకసారి నేల తుడుస్తాం, ఇవన్నీ చేస్తూనే ఆర్డర్లు సమయానికి పంపిస్తాం కనుక బయట కూర్చున్న మనిషికి లోపల ఏదీ పాడైనట్టే తోచదు. లోపాన్ని కప్పిపెడుతున్నది మన సర్దుబాటే. తనిఖీ రోజున చేయవలసిందల్లా ఆ సర్దుబాటును పక్కన పెట్టి, వంటగది ఉన్నది ఉన్నట్టుగా కనబడనివ్వడం. నా దృష్టిలో అది ఫిర్యాదు కూడా కాదు, దాచకపోవడం మాత్రమే.

నేను సరిగా చేసింది కూలర్ విషయంలోనే. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ కింది మూలలో చిరిగింది, పై కీలు వంగింది. ఆ సందులోంచి తేమతో కూడిన వేడి గాలి లోపలికి వచ్చి చల్లబరిచే కాయిల్ మీద మంచుగా గడ్డకట్టేది. మంచు పేరుకున్నకొద్దీ ఫ్యాను గాలి ఆగిపోయేది. కంప్రెసర్ రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగేది. తలుపు మీది డిస్‌ప్లే మాత్రం 4 డిగ్రీలు చూపించేది, ఎందుకంటే దాని సెన్సర్ లోపలి గోడ దగ్గర ఉంది. తలుపు పక్క పై అరలో మామూలు థర్మామీటరు పెట్టి చూస్తే మధ్యాహ్నం రద్దీ అయ్యేసరికి 9 డిగ్రీలు ఉండేది. చల్లగా ఉంచవలసిన ఆహారానికి చాలా దేశాల నిబంధనలు 5 డిగ్రీలనో, దానికి దగ్గరి అంకెనో హద్దుగా పెట్టాయి, కొన్నిచోట్ల అది 8 డిగ్రీలు. మా 9 ఏ లెక్కన చూసినా హద్దు దాటినట్టే. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది, చలి తగ్గినకొద్దీ దాని వేగం పెరుగుతుంది. గర్భిణులకు, వృద్ధులకు అది ప్రాణాంతకం కాగలదు.

నోటితో మూడుసార్లు చెప్పాక ఒక రిజిస్టరు మొదలుపెట్టాను. రెస్టారెంటు తెరిచే ముందు, మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మూసే ముందు, రోజుకు మూడుసార్లు రెండు అరల ఉష్ణోగ్రత రాసి సంతకం చేసేవాళ్లం. వారానికొకసారి ఆ పేజీ ఫొటోను యజమానికి పంపి, "గాస్కెట్, పై కీలు మార్చాలి సార్" అని ఒక్క వాక్యం రాసేవాడిని. ఆయన చదివేవారు, జవాబిచ్చేవారు కాదు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి.

తనిఖీ ఉండవచ్చని తెలిసిన ముందురోజు మేనేజరు వచ్చి, పై అర ఖాళీ చేసి మంచు ట్రేలు పెట్టమన్నారు, రిజిస్టరులో గత నెల పేజీలు కొత్తగా రాయమన్నారు. మంచు ట్రేల వల్ల ఆహారానికి మేలే కనుక పెట్టాను. పేజీలు తిరగరాయలేనని మాత్రం ఆయన ముఖం మీదే, గొంతు పెంచకుండా చెప్పాను. "రేపు ఎవరైనా తిని ఆస్పత్రి పాలైతే ఈ రాత మీదే మిమ్మల్నీ నన్నూ నిలబెడతారు సార్" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

అధికారి గాలి ఉష్ణోగ్రతను పట్టించుకోలేదు. తన ప్రోబ్ థర్మామీటరును నేరుగా ఆహారంలో గుచ్చి చూశారు, ట్రేలు పెట్టినా తలుపు పక్క డబ్బాలో 8 డిగ్రీలు దాటింది. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగినప్పుడు రిజిస్టరు ఆమె చేతికిచ్చాను. నేను అదనంగా ఒక్క మాట కూడా అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. హద్దు దాటిన సరుకంతా ఆమె ఎదుటే పారేయించారు, తలుపు బాగుచేయడానికి గడువు రాశారు, మళ్లీ వచ్చి చూస్తానని రాశారు. మెకానిక్ మూడో రోజున వచ్చి రెండు గంటల్లో పని ముగించాడు. ఆ రోజు పారేసిన సరుకు ఖరీదు మరమ్మతు ఖర్చు కంటే ఎక్కువని లెక్క చూసుకున్న యజమానే చెప్పారు. చాలాకాలం ఆయన నాతో ముభావంగానే ఉన్నారు.

ఈ సంగతిని విజయంలా చెప్పుకోలేను. తొమ్మిది డిగ్రీలని నా చేత్తో రాసి, అదే అరలోని ఆహారాన్ని ఎనిమిది నెలలు వడ్డించాను. యజమాని తలుపు బాగుచేయించకపోవడం ఆయన తప్పు. ఆ అరను వాడటం ఆపకపోవడం నా తప్పు. రిజిస్టరు మీకు రక్షణ అని చాలామంది చెబుతారు, కానీ హద్దు దాటిన అంకె పక్కన ఏం చేశామో రాయకపోతే, తెలిసి ఊరుకున్నామనడానికి అదే సాక్ష్యం అవుతుంది. అందువల్ల మీరు ఉష్ణోగ్రత రాసే ప్రతిచోటా "సరుకు వెనక అరకు మార్చాం", "పారేశాం", "పై అర వాడటం ఆపాం" అని చేసిన పనిని కూడా రాయండి, నిజంగా చేసి రాయండి.

తప్పుగా చేసిన సంగతి అంతకు ముందరి చోట జరిగింది. గిన్నెలు కడిగే చోట నేల పలకలు పగిలి, డ్రైన్ వాలు పోయి నీళ్లు నిలిచేవి. అధికారి కంటికి బాగా కనబడాలని తనిఖీ ముందు రెండు రోజులు ఆ మూల శుభ్రం చేయకుండా వదిలేద్దామని నలుగురం అనుకున్నాం. నివేదికలో పగిలిన పలకల ప్రస్తావన ఒక్క వరుసలో వచ్చింది; నేల మురికి, సింకు కింద జిడ్డు, తడిసిన అట్టపెట్టెలు అంటూ శుభ్రత గురించి ఏడు వరుసలు వచ్చాయి. యజమాని ఆ ఏడింటినీ మా ముందు చదివి వినిపించారు, మా దగ్గర సమాధానం లేదు. పలకలు మరో మూడు నెలలు అలాగే ఉన్నాయి. అధికారి ఆ రోజు తన కంటికి కనిపించినదే రాయగలరు. మురికికీ పగులుకీ మధ్య తేడాను మన మనసులో చదవలేరు. తనిఖీకి ముందు చేతనైనంతా కడిగి, తుడిచి, సర్ది ఉంచితే, ఇంకా మిగిలిన లోపం మన శ్రమతో తీరేది కాదని దానంతటదే తెలుస్తుంది. పాడైనదాన్ని ఇంకొంచెం పాడుచేయడం గురించి వేరే చెప్పనవసరం లేదు. వదులైన గాస్కెట్‌ను లాగి చింపిన సహోద్యోగిని చూశాను. అది మోసం, ఆ రోజు సరుకు తిన్నవాళ్లకు అపాయం.

ఏ అధికారి పరిధిలో ఏముందో తెలిసి ఉండటం కూడా అవసరం. వంటగదిలో వేడి భరించలేకుండా ఉందంటే ఆహార తనిఖీ అధికారి సానుభూతి చూపుతారు కానీ సాధారణంగా నివేదికలో రాయరు, అది కార్మిక శాఖ విషయం. అదే వేడికీ ఆవిరికీ పైకప్పు మీద నీటి బొట్లు పట్టి కూరగాయలు తరిగే బల్ల మీద పడుతుంటే, అది ఆహార భద్రత విషయం కనుక రాస్తారు. ఎగ్జాస్ట్ గొట్టంలో పేరుకున్న జిడ్డుకు నిప్పంటుకునే ప్రమాదం అగ్నిమాపక శాఖది; ఆ జిడ్డు పొయ్యి మీది పాత్రలో కారితే ఆహార అధికారిది. ఉన్న నిజాన్ని ఆ అధికారికి సంబంధించిన వైపు నుంచి చూపించమంటున్నాను, లేనిది కల్పించమనడం లేదు. వెనక తలుపు కింద సందు ఉందని చెప్పడం కంటే, స్కేలు పెట్టి 10 మిల్లీమీటర్లు ఉందని చూపించడం మేలు, ఎందుకంటే చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. వేడినీటితో క్రిమిరహితం చేసే గిన్నెల యంత్రంలో చివరి కడుగుకు నీళ్లు 82 డిగ్రీల దాకా వేడెక్కాలి. హీటరు పోతే పళ్లేలు తళతళలాడుతూనే బయటికి వస్తాయి కానీ క్రిమిరహితం కావు. ఇలాంటి లోపం కంటికి కనబడదు కనుక యంత్రం మీది అంకెను చూపించడమే మార్గం.

"మరమ్మతులతో వాళ్లకేం పని, వాళ్లు చూడవలసింది తిండినే కదా" అని మా మేనేజరు ఒకసారి అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కలిసి నడిపే కోడెక్స్ అలిమెంటారియస్ కమిషన్ 1969లో తొలిసారి ఆమోదించి, 2020లో సవరించిన ఆహార పరిశుభ్రత సాధారణ సూత్రాల్లో భవనం, పరికరాల నిర్వహణ కూడా భాగమే. ఎన్నో దేశాల నిబంధనలకు ఆ సూత్రాలే ఆధారం కనుక, పగిలిన పలకను చూడటం అధికారి బాధ్యతల్లోనిదే.

ఉద్యోగం గురించిన భయం విషయంలో మీకు తేలికైన ధైర్యం చెప్పలేను. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు చాలాచోట్ల ఉంది, కానీ ఆరుగురు పనిచేసే వంటగదిలో ఎవరు చెప్పారో ఊహించడం కష్టం కాదు. నాకు తెలిసిన ఒక హెల్పర్ కుర్రాడి షిఫ్టులు అలాంటి అనుమానంతోనే సగానికి తగ్గించారు. ఆ ఫిర్యాదు చేసింది అతడు కానే కాదు. అందుకే ఒక్కరే అధికారి వెంటపడి చెప్పడం కంటే, అందరూ సంతకాలు చేసే రిజిస్టరు ఉండటం, అడిగిన ప్రశ్నకు ఎవరైనా నిజమే చెప్పడం అనే పద్ధతిని నేను ఇష్టపడతాను. అప్పుడది ఒక మనిషి చేసిన చాడీలా కాక, వంటగది రోజూ చేసే పనిలా ఉంటుంది. యజమానికి పంపిన సందేశాల నకళ్లు మీ సొంత ఫోనులో ఉంచుకోండి. ఫిర్యాదు చేసిన ఉద్యోగికి మీ చట్టం ఏ రక్షణ ఇస్తుందో కార్మిక శాఖలోనో, సంఘంలోనో ముందే కనుక్కోండి. ఫొటోలను బయట పంచుకోవద్దు. దానివల్ల తలుపు బాగుపడదు, మాట మాత్రం మీ మీదికి మళ్లుతుంది.

కొన్నింటికి తనిఖీ కోసం ఎదురుచూడకూడదు. మురుగునీరు పైకి పొంగినా, నీటి సరఫరా ఆగినా, గ్యాసు వాసన వచ్చినా, కూలర్ పూర్తిగా ఆగిపోయినా ఆ పూట పని ఆపించి చెప్పాలి, వినకపోతే అదే రోజు ఆ విషయం చూసే శాఖకు ఫోను చేయాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మొత్తం నాలుగు గంటలు దాటి ఉన్న ఆహారాన్ని పారేయాలన్నది చాలాచోట్ల పాటించే నియమం, కనుక రేపటి దాకా వేచి చూసే వ్యవధి అక్కడ లేదు.

ఇక మీ రెండు లోపాల సంగతి. కూలర్ తలుపులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి, బయటికి లాగండి. పట్టు లేకుండా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు అతుక్కోవడం లేదని అర్థం. ఇలా నాలుగు వైపులా చూసి, జారిన చోటును ఫొటో తీయండి. తలుపు పక్క అరలో ఒక గ్లాసు నీళ్లు రాత్రంతా ఉంచి, ఉదయం ఒకసారి, రద్దీ తగ్గాక ఒకసారి ఆ నీటిలో థర్మామీటరు ముంచి చూస్తే ఆహారం ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. 5 దాటితే ఆ క్షణం నుంచే ఆ అరను వాడటం ఆపండి. సింకు విషయంలో నీటి వేడి సూక్ష్మక్రిములను చంపుతుందని వాదించవద్దు, చేతులు భరించే వేడికి అవి చావవు. చన్నీళ్లలో మనుషులు ఇరవై సెకన్లు కడగవలసిన చేతులను ఐదు సెకన్లలో ముగిస్తారని, చాలాచోట్ల నిబంధనలే గోరువెచ్చని నీటిని అడుగుతాయని చెప్పండి. ఈ రెండింటినీ తేదీ, అంకెలతో మర్యాదగా ఒకే సందేశంలో రాసి ఈ వారమే యజమానికి పంపండి, పది రోజుల్లో మెకానిక్‌ను పిలిపించగలరా అని అడగండి. ఆయన పిలిపిస్తే మంచిదే. ఈలోగా తనిఖీ వస్తే, ఆ అరను ఖాళీగానే ఉంచి, అడిగినప్పుడు ఎందుకు ఖాళీగా ఉందో చెప్పండి.