ఇంగ్లండ్‌లో డబ్బు పెట్టి ‘లార్డ్ ఆఫ్ ది మేనర్’ (మేనర్ అనే పాతకాలపు జమీందారీకి యజమాని హోదా) కొంటే నిజంగా లార్డ్ అయిపోతామా?
అవ్వం. పేరు ముందు ‘లార్డ్’ రాదు, పార్లమెంటులో సీటూ రాదు, సాధారణంగా భూమీ రాదు. అయినా చట్టప్రకారం అది అమ్ముకోదగ్గ ఆస్తే.

నా దృష్టిలో అసలు విలువంతా చరిత్రదే. లండన్‌లోని వింబుల్డన్ మేనర్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ల నుంచి ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు, తర్వాత ఆ హెన్రీ ఆఖరి రాణి కేథరిన్ పార్‌కు, చాలా చేతులు మారాక యువరాణి డయానా పుట్టింటివాళ్లైన స్పెన్సర్లకు చేరింది. 1996లో డయానా తమ్ముడు ఆ హోదాను 1,70,000 పౌండ్లకు పైగా ధరకు అమ్మేశారు.

కొనేముందు పాత యజమానుల వరుస తెగకుండా ఉందో లేదో పత్రాలన్నీ సొలిసిటర్‌కి (అక్కడి లాయర్‌కి) చూపించండి. 2003 అక్టోబర్ 13 నుంచి అక్కడి ఆస్తుల నమోదు కార్యాలయం ల్యాండ్ రిజిస్ట్రీ కొత్తగా మేనర్లను నమోదు చేయడం లేదు. పాత రికార్డులు ఎక్కడున్నాయో నేషనల్ ఆర్కైవ్స్ వారి మేనోరియల్ డాక్యుమెంట్స్ రిజిస్టర్‌లో వెతకొచ్చు.