పందిరి లెక్క వేరు, సోలార్ లెక్క వేరు

ప్రశ్న: మా ఇంటి కప్పు మీద చెట్ల నీడ పడుతుంది. అందుకని పెరట్లో ఇంటిని ఆనుకుని ఉన్న పాత పందిరి తీయించి, గట్టి ఉక్కు పందిరి వేయించి, దాని మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించాలనుకుంటున్నాం. కాంట్రాక్టరు అన్నిటికీ కలిపి ఒకే మొత్తం చెప్పారు. పెట్టిన డబ్బు 6 ఏళ్లలో కరెంటు బిల్లు ఆదాగా తిరిగి వస్తుందంటున్నారు. మొత్తానికీ అప్పు తీసుకోవాలా, లేక అమ్మాయి పైచదువుకు దాచిన డబ్బు వాడుకోవచ్చా? అది మాకు మరో 3 ఏళ్లకు కావాలి.

జవాబు: ముందుగా ఆ ఒకే మొత్తాన్ని రెండుగా విడదీసి రాసిమ్మని కాంట్రాక్టరును అడగండి. ప్యానెళ్లు, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే పెట్టె), వైరింగు, మీటరు పనులు ఒక కాగితం మీద. స్తంభాలు, పునాదులు, దూలాలు, పాత పందిరి తొలగింపు మరో కాగితం మీద. మీరు కొంటున్నవి రెండు వేర్వేరు వస్తువులు. సోలార్ డబ్బు తెచ్చిపెడుతుంది. పందిరి నీడనిస్తుంది, కూర్చోవడానికి హాయినిస్తుంది. ఆ హాయికి ఖర్చు పెట్టడం తప్పేమీ కాదు, కానీ దాన్ని పెట్టుబడి ఖాతాలో రాయకూడదు.

6 ఏళ్ల మాట ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో చూద్దాం. మొత్తం ఖర్చు 100 భాగాలు అనుకోండి. అందులో సోలార్ సామగ్రి 60, పందిరి 40. ఏడాదికి బిల్లులో 10 భాగాలు ఆదా అయితే, 60 భాగాలు 6 ఏళ్లలో తిరిగి వస్తాయి. మీ జేబులోంచి వెళ్లేది మాత్రం 100. అది రావడానికి 10 ఏళ్లు పడుతుంది. ఇన్వర్టర్ సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లకు మార్చాల్సి వస్తుంది కాబట్టి ఆ ఖర్చూ కలపాలి. ప్యానెళ్లు ఇచ్చే కరెంటు కూడా ఏటా సుమారు అర శాతం తగ్గుతూ వస్తుంది. చాలా కంపెనీలు ఉత్పత్తికి 25 ఏళ్ల హామీ ఇస్తాయి కాబట్టి దీర్ఘకాలంలో ఇది నష్టం బేరం కాదు. అయితే 6 ఏళ్లని నమ్మి నెలసరి వాయిదా ఒప్పుకోవడం వేరు, 10 ఏళ్లని తెలిసి ఒప్పుకోవడం వేరు.

పాత పందిరి ఎలాగూ శిథిలమై, సోలార్ లేకపోయినా మార్చక తప్పని స్థితిలో ఉంటే లెక్క మీకు అనుకూలంగా మారుతుంది. మామూలు పందిరికి 25 భాగాలు అయ్యేచోట, ప్యానెళ్లు మోయడానికి 40 అవుతుంటే, సోలార్ ఖాతాలో వేయాల్సింది ఆ తేడా 15 మాత్రమే. అప్పుడు 75 భాగాలు రావడానికి ఏడున్నర ఏళ్లు. పాతది ఇంకా గట్టిగానే ఉంటే మాత్రం 40 భాగాలూ సోలార్ ఖాతాలోకే వెళ్తాయి.

ఇక అప్పు. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుందాం. 100 భాగాలూ అప్పు చేస్తే మొదటి ఏడాది వడ్డీయే 10. మీకు వచ్చే ఆదా మొత్తం వడ్డీకే సరిపోతుంది, అసలులో ఒక్క పైసా తరగదు. అదే సోలార్ భాగమైన 60కి మాత్రమే అప్పు తీసుకుంటే, మొదటి ఏడాది వడ్డీకి 6 పోగా 4 అసలులో జమ అవుతుంది. బిల్లు ఆదాతోనే దాదాపు 10 ఏళ్లలో ఆ అప్పు తీరుతుంది. కరెంటు ధరలు పెరిగితే ఇంకా ముందే తీరవచ్చు. కానీ అవి పెరుగుతాయన్న ఆశ మీద అప్పు చేయకండి. పందిరి డబ్బు సొంతంగా కూడబెట్టుకుని, అది చేతికి వచ్చాకే పని మొదలుపెట్టమని నా సలహా. ఒక ఏడాది ఆలస్యమైనా ఎండ ఎక్కడికీ పోదు.

ఈ లెక్కలన్నీ ఏడాదికి 10 భాగాల ఆదా నిజంగా వస్తేనే నిలబడతాయి. అక్కడే పందిరికి ఒక చిక్కుంది. అది ఇంటికన్నా ఎత్తు తక్కువ కాబట్టి గోడ నీడ దాని మీద పడుతుంది. ఉత్తరార్ధగోళంలో పందిరి ఇంటికి ఉత్తరాన ఉంటే, సూర్యుడు కిందుగా నడిచే చలికాలంలో ఆ నీడ బాగా సాగుతుంది. ప్యానెళ్లను వరుసగా కలిపినప్పుడు ఒకదాని మీద నీడ పడ్డా ఆ వరుస ఉత్పత్తి తగ్గుతుంది. ప్యానెల్‌కొక చిన్న ఇన్వర్టర్ పెడితే ఈ నష్టం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. నెలవారీ ఉత్పత్తి అంచనాను నీడతో కలిపి వేసిమ్మని అడగండి.

పగలు ఇంట్లో ఎవరు ఉంటారన్నదీ ముఖ్యమే. మీరు వాడుకున్న యూనిట్ బిల్లులో పూర్తి ధర తగ్గిస్తుంది. మిగిలి బయటికి పంపిన యూనిట్‌కు చాలాచోట్ల అంతకన్నా తక్కువే వస్తుంది. మీ విద్యుత్ సంస్థ ఎంత ఇస్తుందో కనుక్కునే దాకా ప్యానెళ్ల సంఖ్య ఖరారు చేయవద్దు.

ఒక్క ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి: నిర్మాణ ఇంజినీరు ఫీజు. ఇళ్లకు వాడే ప్యానెల్ దాదాపు 2 చదరపు మీటర్లు, బరువు 20 కిలోల పైచిలుకు. ఆ బరువు పెద్ద సమస్య కాదు, గాలి సమస్య. పక్కలు తెరిచి ఉన్న పందిరి కిందికి దూరిన గాలి దాన్ని పైకి ఎత్తేస్తుంది. పునాదులు అందుకు తగినట్లు ఉండాలి. ఆ కింద కూర్చునేది మీ పిల్లలే. ఇంజినీరు సంతకం చేసిన డిజైన్ అనుమతికీ, తర్వాత ఇంటి బీమాకూ కావాల్సి రావచ్చు. ఈ నిర్మాణం బీమా పరిధిలోకి వస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అమ్మాయి చదువు డబ్బు ముట్టుకోకండి. 3 ఏళ్లకు కావాల్సిన సొమ్మును 10 ఏళ్లకు తిరిగొచ్చే చోట పెడితే, ఫీజు కట్టే రోజున పందిరిని అమ్మి డబ్బు చేసుకోలేరు. అప్పుడు చదువు కోసం మళ్లీ అప్పు చేయాలి. విడదీసిన ఆ రెండు కాగితాలు, నీడతో కలిపి వేసిన ఉత్పత్తి అంచనా, గత 12 నెలల కరెంటు బిల్లులు పంపండి. మీ సొంత అంకెలతో లెక్క వేసి చెబుతాను.