ఒకే గోడ, ఒకే నిచ్చెన

చిట్టీ,

నీ మెసేజ్ చదివాను. మీ రైతుల, వ్యాపారుల సంఘంలో సగం మంది మద్యనిషేధం అడగాలంటుంటే, మిగతా సగం ఎవరి తాగుడు వాళ్లిష్టం అంటున్నారన్నమాట. కార్యదర్శివి కాబట్టి రెండు వైపుల తిట్లూ నీకే. ఆ టెన్షన్ నాకు తెలుసు.

వాళ్లందరినీ ఒకే మాట మీదకు తేవాలని మాత్రం చూడకు. ఆ పని కాదు.

1962 ఎన్నికలప్పుడు నాకు పద్నాలుగేళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తు గోడల మీద వేసేవాణ్ణి. వ్యాపారంలో, సేద్యంలో సర్కారు పెత్తనం తగ్గాలని కాంగ్రెస్‌కి ఎదురు నిలిచిన పార్టీ అది. అట్టముక్కలో చుక్క కత్తిరించి, గోడకి ఆనించి, జేగురులో ముంచిన గుడ్డతో అద్దడమే. నిచ్చెన పట్టుకునేది రైస్ మిల్లు ఆసామి. అడుగడుగునా పర్మిట్లేమిటని ఆయన గోల. రంగు కొనిచ్చింది గుడి ధర్మకర్త. మిల్లాయనకి చాటుగా సీసా అలవాటు, ధర్మకర్తకి సీసా పేరెత్తితే ఒళ్లు మంట. అయినా ఇద్దరూ ఆ గోడ దగ్గరికి వచ్చారంటే, 1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ చేసిన ఉమ్మడి సేద్యం తీర్మానం వల్ల. పొలాలు పోతాయని భయం. మన నిడుబ్రోలు రైతు నాయకుడు రంగా గారు కాంగ్రెస్ వదిలి ఈ పార్టీకి వచ్చిందీ అందుకే.

పార్టీ పెద్దల్లోనూ ఇదే కథ. రాజాజీ 1937లోనే సేలంలో మద్యనిషేధం పెట్టించిన మనిషి. మినూ మసానీ బొంబాయి ఉదారవాది, ఎవరి సొంత బతుకులోనూ సర్కారు వేలు పెట్టకూడదనే రకం. వీళ్లు వాదించుకుని తేల్చుకోలేదు. ఒప్పుకున్నవి 21 సూత్రాలుగా రాసుకుని, మిగతా వాటిలో ఎవరి అభిప్రాయం వాళ్లదని అందులోనే రాశారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లొచ్చాయి.

నువ్వూ ఒక కాగితం తియ్యి. లైసెన్సులు, మార్కెట్ సెస్సు, భూసేకరణ... అందరూ ఒప్పుకున్నవే రాయి. మద్యం సంగతి రాయకు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వాన్నే పడగొట్టిన గొడవ అది, మీ సంఘం ఒక లెక్కా?

అలాగని ఆ మాటే ఎత్తొద్దని ఆడవాళ్ల నోరు నొక్కకు. 1992లో సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకి సారా అనేది మొగుడి సొంత విషయం కాదు, ఇంటికి రాని కూలి డబ్బులు. స్వేచ్ఛ అనేవాళ్లు అది కూర్చుని వినాలి. 1995లో పెట్టిన నిషేధం రెండేళ్లకే ఎందుకు సడలించారో అవతలివాళ్లూ ఆలోచించుకోవాలి. కానీ ఇదంతా ఇంటి అరుగు మీద. సంఘం బ్యానర్ కింద, మైకులో వద్దు.

ఈ ఒక్క నియమం మా ఊళ్లో తప్పారు. ఎన్నికల సభలో ధర్మకర్త మైకు పట్టుకుని తాగుబోతుల మీద పావుగంట దంచాడు. పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. మిల్లాయన మర్నాడు నిచ్చెన ఇంటికి పట్టుకుపోయాడు. మిగిలిన గోడలకి నా చెయ్యి అందినంత ఎత్తులోనే చుక్కలు పడ్డాయి. తెనాలిలో రంగా గారు ఓడిపోయారు, దానివల్ల కాదులే.

ఇంకొకటి. రేపు ఏదో ఒక పార్టీ మీ మద్దతు కోసం వస్తుంది, కాగితంలో రాయనివన్నీ ఆ రోజే లేస్తాయి. స్వతంత్ర వాళ్లు 1971లో జనసంఘ్ వగైరాలతో కూటమి కట్టి 8 సీట్లకి దిగారు. ఎవరితో కలవాలన్నా మూడొంతుల్లో రెండొంతుల మంది ఒప్పుకోవాలని ఇప్పుడే రాసి పెట్టు.

ఆదివారం మీటింగుకి ముందు చిత్తు కాపీ వాట్సాప్‌లో పంపు. అక్షరాలు పెద్దవిగా పెట్టు, కళ్లజోడు మార్పించుకోలేదింకా.

తాతయ్య