లెక్కల జవాబులు: ఎకరాకు సగటున ఎన్ని బస్తాలు?

ప్రశ్న: అమలాపురం దగ్గర మాకు 2 ఎకరాల మెరక చేను, 6 ఎకరాల పల్లపు చేను ఉన్నాయి. సార్వాలో (ఖరీఫ్ పంటలో) మెరక చేను ఎకరాకు 32 బస్తాలు, పల్లపు చేను ఎకరాకు 24 బస్తాలు పండాయి. సగటు 28 అని నేనంటే, కాదు 26 అని మా నాన్నగారు అంటున్నారు. ఎవరి లెక్క సరైనది? దాళ్వాలో (రబీ పంటలో) మెరక చేను ఎకరాకు 36 బస్తాలు ఇస్తుందనుకుంటే, మొత్తం మీద సగటు 30 రావడానికి పల్లపు చేను ఎంత పండాలి?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, కోనసీమ

జవాబు: మీ నాన్నగారి లెక్కే సరైనది. 32ను, 24ను కలిపి సగం చేసినప్పుడు మీరు 2 ఎకరాల చేనుకూ 6 ఎకరాల చేనుకూ ఒకే విలువ కట్టారు. కళ్లంలో బస్తాలను లెక్కపెడితే మెరక చేనువి 64, పల్లపు చేనువి 144, మొత్తం 208. వాటిని 8 ఎకరాలతో భాగిస్తే 26 వస్తుంది. దీనినే భారిత సగటు అంటారు.

ఇందులో అసలు చిక్కు సమీకరణం రాయడంలో లేదు, భారం ఏదో, అంటే ప్రతి విలువనూ దేనితో గుణించాలో, గుర్తించడంలో ఉంది. అందుకు మన భాషలోని ‘కు’ ప్రత్యయమే దారి చూపుతుంది. ‘ఎకరాకు 32 బస్తాలు’ అన్నప్పుడు ‘కు’ చేరిన మాట ఎకరా కనుక ఎకరాలే భారం. అదే ధాన్యాన్ని రెండు విడతలుగా అమ్మి, బస్తాకు వచ్చిన ధరలకు సగటు కట్టేటప్పుడు బస్తాలే భారమవుతాయి. ఈ గుర్తు తెలియకపోతే చదువుకున్నవారూ పొరబడతారు: 60 కిలోమీటర్ల దారిలో వెళ్లేటప్పుడు గంటకు 60, వచ్చేటప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడిచిన బస్సు సగటు వేగం 45 అని చటుక్కున చెప్పేస్తారు. ‘గంటకు’ అన్నారు కనుక గంటలు చూడాలి. వెళ్లడానికి 1 గంట, రావడానికి 2 గంటలు పట్టాయి. 120ని 3తో భాగిస్తే వచ్చేది 40. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో వేర్వేరు వన్నెల (స్వచ్ఛత గల) బంగారాన్ని కలిపి కరిగించే లెక్కకు చెప్పిన పద్ధతీ ఇదే. అక్కడ మాత్రం భారమంటే అక్షరాలా తూకమే.

ఇక దాళ్వా సంగతి. పల్లపు చేను దిగుబడి ఎకరాకు x బస్తాలు అనుకుందాం. 2 × 36 + 6x = 30 × 8, అంటే 72 + 6x = 240. కనుక 6x = 168, x = 28.

దీనిని కాగితం లేకుండానే సరిచూడవచ్చు. కావిడి మోసేవారు బరువు ఎక్కువగా ఉన్న వైపు బద్దను పొట్టిగా వదిలి భుజాన పెట్టుకుంటారు. ఇక్కడ 30 భుజం, ఎకరాలు బరువులు. 36 అనేది 30 కంటే 6 ఎక్కువ; 2 ఎకరాల మీద అది 12 బస్తాల మిగులు. ఆ మిగులు 6 ఎకరాల మీద ఎకరాకు 2 బస్తాల లోటును మాత్రమే మోయగలదు. అందుకే 28.

పల్లపు చేనును 24 దగ్గరే వదిలేసి, మెరక చేనుతోనే సగటును 30కి లాగాలనుకుంటే 2y + 144 = 240 అవుతుంది; y = 48. బస్తా 75 కిలోల లెక్కన అది ఎకరాకు 36 క్వింటాళ్లు. అంత ఆశ పెట్టుకోవడం కంటే పల్లపు చేనులో నీరు తీసే మురుగు బోదెను ముందుగా బాగుచేయించడం మేలని మీ నాన్నగారితో చెప్పండి.