కాలేజీ, చర్చి, క్వయిర్ మూడూ చేస్తానంటున్న మా మేనకోడలికి

తల్లీ,

కాలేజీలో మ్యూజిక్ లెక్చరర్ పోస్టు వచ్చిందనీ, చర్చిలో క్వయిర్ (పాటల బృందం) కూడా నువ్వే చూసుకోవాలని పాస్టరు అయ్యగారు అడిగారనీ నీ మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. ఒప్పుకో. కాకపోతే ముందే కమిటీ వాళ్ళతో కూర్చుని ఏ పని నీది, ఏది కాదు అని తేల్చుకో, ఎందుకంటే చర్చిలో పాట వచ్చినవాళ్ళ మీదే సండే స్కూలు, యూత్ మీటింగు, పెళ్ళిళ్ళలో కీబోర్డు, ఆఖరికి మైకు సెట్టింగు కూడా వచ్చి పడతాయి. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1723లో లైప్‌జిగ్ వెళ్ళినప్పుడు సెయింట్ థామస్ స్కూల్లో పాఠాలు, ఊళ్ళో చర్చిల సంగీతం రెండూ ఆయన మీదే పెట్టారు. లాటిన్ చెప్పడం కూడా అందులోనే ఉంటే సొంత డబ్బిచ్చి వేరేవాళ్ళతో చెప్పించుకున్నాడు. నువ్వూ అలా పక్కన పెట్టగలిగినవి పెట్టెయ్.

ఆయనే 1730లో నగర కౌన్సిల్‌కి రాస్తూ ఒక క్వయిర్‌కి కనీసం 12 మంది ఉండాలి, 16 అయితే ఇంకా మంచిది అన్నాడు, స్కూల్లో ఉన్న 54 మందిలో 17 మంది పనికొస్తారు, 20 మంది ఇంకా తయారవ్వాలి, 17 మంది అసలు పనికిరారు అని లెక్క కూడా ఇచ్చాడు. ఆ లెక్క నువ్వు కాలేజీలో వెయ్యి, అక్కడ మార్కులెయ్యడం నీ ఉద్యోగం. చర్చిలో మాత్రం వెయ్యొద్దు. డ్యూటీ దిగి, ఇంట్లో వంట చేసి ప్రాక్టీసుకొచ్చే ఆవిడకి ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు పార్టు) నిలవకపోతే గట్టిగా పాడేవాళ్ళ పక్కన నిలబెట్టు, నెల తిరిగేసరికి తనే పట్టుకుంటుంది. మగవాళ్ళు నలుగురే ఉన్నారా, టెనార్ (మగవాళ్ళ పై గొంతు), బాస్ (కింది గొంతు) అని విడగొట్టకు, మొత్తం మూడు పార్టులే (ఒకేసారి కలిపి పాడే వేర్వేరు వరసలు) చాలు.

స్టాఫ్ నొటేషన్ (గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) కాలేజీలో ఎలాగూ చెప్తావు, చర్చిలో డో, రే, మి అక్షరాలతో రాసే టానిక్ సోల్‌ఫాతో మొదలుపెట్టు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కర్వెన్ అనే పాస్టరు దాన్ని ప్రచారంలోకి తెచ్చింది మామూలు సంఘస్తులూ పిల్లలూ చూసి పాడాలనే. అందులో డో మన షడ్జం (స) లాగే ఏ శ్రుతికైనా జరుగుతుంది కాబట్టి సరిగమలు వచ్చినవాళ్ళు తొందరగా అందుకుంటారు.

ఇక కీర్తనలు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారివి లాంటివి రాగతాళాల్లో కట్టినవి, చదువుకుని వచ్చిన ఉత్సాహంలో నీకు వాటిని నాలుగు పార్టుల్లో పెట్టాలనిపిస్తుంది, కానీ గమకం (స్వరాన్ని ఊపుతూ పాడడం) ఉన్నచోట కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాలు) మారుస్తూపోతే రాగం చచ్చిపోతుందమ్మా. అక్కడ అందరూ ఒకే వరసలో పాడండి, కింది గొంతులు షడ్జం పట్టుకుని ఉంటే చాలు, పార్టులు పల్లవి మళ్ళీ వచ్చేచోట పెట్టుకోవచ్చు. ముసలివాళ్ళు తమకి తెలిసిన పాట తామూ కలిసి పాడలేకపోతే ఆ హార్మొనీ ఎంత బాగున్నా ఆరాధనకి పనికిరాదు.

సెమిస్టర్ పరీక్షలు, క్రిస్మస్ ఒకేసారి మీద పడతాయి కాబట్టి ప్రాక్టీసు అక్టోబర్లోనే మొదలెట్టు. పొద్దంతా క్లాసులు చెప్పి సాయంత్రం నాలుగు పార్టులూ నువ్వే పాడి చూపిస్తే గొంతు పోతుంది, క్లాసులో మైకు అడుగు, ప్రాక్టీసులో కీబోర్డు మీద వాయించి చూపించు.

మీ వాళ్ళల్లో ఎవరి గొంతు ఎక్కడిదాకా వెళ్తుందో రాసి పంపు, అది చూసి క్రిస్మస్‌కి ఏం పాడించాలో ఫోన్లో మాట్లాడుకుందాం.

మావయ్య