కార్బన్ పన్ను వేయమని చమురు కంపెనీయే అడుగుతోంది, నమ్మొచ్చా?

"ఎక్సాన్‌మొబిల్ వాతావరణ మార్పు నిజమేనంటోంది, కార్బన్ పన్నుకూ మద్దతిస్తోంది. ఇది మనస్ఫూర్తిగానేనా?" అని అడిగారు. నేను పన్నెండేళ్ళుగా హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాను. ఇక్కడ మనవాళ్ళింట్లో ఏ వ్రతానికి వెళ్ళినా పది మందిలో నలుగురు చమురు, గ్యాస్ మీద బతికేవాళ్ళే. నేనూ అంతే. ఆ ఉప్పు తిన్నదాని మాటగానే వినండి.

2018లో ఒక కంపెనీలో (పేరు వద్దు, ఎక్సాన్ మాత్రం కాదు) కాంట్రాక్టు మీద పనిచేశాను. కొత్త ప్రాజెక్టు గిట్టుతుందా లేదా అని ఎక్సెల్‌లో లెక్కలు వేయడం నా పని. ఆ షీట్‌లో పైన పసుపు రంగు గడి ఒకటి ఉండేది, టన్నుకు కార్బన్ ధర అని, అంటే గాల్లోకి వదిలే ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు కట్టాల్సి రాగల సొమ్ము. రేపు ప్రభుత్వం పన్ను వేస్తే మన గతేమిటో ముందే చూసుకోవడానికన్నమాట. అందులో 40 (డాలర్లు) అని ఉండేది. ఒకరోజు సాయంత్రం ఐదు దాటాక, తెల్లారితే పైవాళ్ళతో మీటింగ్ అనగా, మా మేనేజర్ కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నాడు. అడుగున లాభం గడి ఎర్రగా ఉంది. కాసేపు దాన్నే చూసి, "ఆ పసుపు గడిలో సున్నా కొట్టు" అన్నాడు. కొట్టాను. కింద ఎరుపు పోయి పచ్చబడింది. "ఇది మొదటి స్లైడ్‌లో పెట్టు" అన్నాడు. 40 పెట్టిన లెక్క చివరికి, ఇరవై ఎన్నో స్లైడ్‌కి పోయింది. మీటింగ్ అక్కడిదాకా ఎప్పుడైనా వెళ్తుందా! అలాగని అది దొంగ లెక్కేం కాదు. రెండూ సరిగ్గా వేసినవే.

ఆ మరుసటి ఏడాది వార్తల్లో ఎక్సాన్ కేసు చదువుతుంటే నాకు ఆ గడే గుర్తొచ్చింది. కార్బన్ ఖర్చు పెట్టుబడిదారులకు ఒకటి చెప్పి, లోపలి లెక్కల్లో తక్కువ వేసుకున్నారని న్యూయార్క్ అటార్నీ జనరల్ దావా వేశారు. 2019 డిసెంబరులో ఎక్సాన్ గెలిచింది. మోసం రుజువు కాలేదన్నారు జడ్జి. కానీ వాతావరణ మార్పులో కంపెనీ బాధ్యత పోయినట్టు కాదని కూడా అదే తీర్పులో రాశారు.

తెలియక చేశారనడానికి లేదు. 1977లోనే జేమ్స్ బ్లాక్ అనే ఎక్సాన్ సొంత శాస్త్రవేత్త, చమురు, బొగ్గు లాంటివి కాలిస్తే భూమి వేడెక్కుతుందని పై అధికారులకు విప్పి చెప్పాడు. భూమి ఎంత వేడెక్కుతుందన్న వాళ్ళ పాత అంచనాలను 2023లో సైన్స్ పత్రికలో లెక్కతీస్తే, 63 నుంచి 83 శాతం సరిగ్గా వచ్చాయి. అంత తెలిసినవాళ్ళు 2000లో పత్రికల్లో డబ్బు కట్టి మరీ, శాస్త్రం ఇంకా తేలలేదని ప్రకటనలు వేయించారు.

ఇక పన్ను సంగతి. 2009 జనవరిలో అప్పటి సీఈఓ రెక్స్ టిల్లర్సన్ కార్బన్ పన్నే మేలన్నాడు. ఎప్పుడు? కాలుష్యానికి పరిమితి పెట్టి పర్మిట్లు అమ్మే ఇంకో బిల్లు కాంగ్రెస్‌లోకి రాబోతున్నప్పుడు. ఆ బిల్లు జూన్‌లో దిగువ సభలో 219-212తో గట్టెక్కి, సెనేట్‌లో చచ్చిపోయింది. బల్లమీద ఏది లేదో అదే కావాలనడం వీళ్ళ పద్ధతని నా గట్టి నమ్మకం. 2017లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రులు బేకర్, షుల్ట్జ్‌ల కార్బన్ పన్ను ప్లాన్‌కు మద్దతిచ్చారు. టన్నుకు 40 డాలర్లు, వచ్చిన సొమ్ము జనానికే పంచాలి. బాగుంది కదా? అందులోనే పాత కాలుష్యం మీద కంపెనీలపై దావాలు వేయకూడదనే ముక్క కూడా ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు లెండి.

40 డాలర్లంటే మా వాట్సాప్ గ్రూపులో గోల గోల. గ్యాలన్ పెట్రోలు కాలిస్తే దాదాపు 9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే గ్యాలన్‌కు 36 సెంట్లు. 26 వరుసల కేటీ ఫ్రీవే మీద రోజూ గంట సేపు ఇరుక్కుని తగలబెట్టే పెట్రోలుకు ఎవరికీ నొప్పి లేదు, ఈ 36 సెంట్లకే! ఆ ప్లాన్‌లో నలుగురున్న ఇంటికి ఏడాదికి 2,000 డాలర్లు వెనక్కి వస్తాయన్న మాట ఎవరూ చదవలేదు.

2021లో అసలు రంగు బయటపడింది. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ళు రహస్యంగా తీసిన వీడియోలో ఎక్సాన్ లాబీయిస్ట్ (ప్రభుత్వం దగ్గర కంపెనీ తరఫున పైరవీ చేసేవాడు) కీత్ మెక్‌కాయ్, కార్బన్ పన్ను వచ్చేది కాదు, మేం చెప్పుకోవడానికి బాగుంటుందన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాటలు కంపెనీ వైఖరి కావని సీఈఓ డారెన్ వుడ్స్ క్షమాపణ చెప్పాడు. అయినా ఆ బేకర్ ప్లాన్‌ను ముందుకు తెచ్చిన సంస్థే ఎక్సాన్ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. ఫోన్‌లో ఈ సంగతి చెబితే మా మామగారు ఒకటే నవ్వు. "డిపాజిట్ కూడా రాదని తెలిసినవాడు ఇంటికో కారిస్తాననడానికి ఏం పోయిందమ్మా?" అన్నారు.

2024లో, భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందం వదలొద్దని ట్రంప్‌కు వుడ్స్ చెప్పాడుగా అంటారు. చెప్పాడు, కాదనను. నేను మాత్రం ఆ పసుపు గడి దగ్గరే ఆగిపోయాను. ఆ ప్రాజెక్టు వదిలేస్తూ షీట్ ఇంకొకరికి అప్పగించిన రోజు మళ్ళీ తెరిచి చూశాను. గడిలో 40 ఉంది. దాని మీద కామెంట్ నేను పెట్టిందే: "మీటింగ్‌కి ముందు 0 చేయాలి."