కిడ్నీలో రాయి, పీపాలో మడ్డి: పారసెల్సస్ ‘టార్టర్’ రోగాలు

పదహారో శతాబ్దపు స్విస్ వైద్యుడు, రసవాది పారసెల్సస్ చెప్పిన ‘టార్టర్’ రోగాలకు రసాయన శాస్త్రపు ఆధారం ఉందా, లేక అదంతా రసవాదుల ఊహేనా అని అడిగారు. నేను డిగ్రీ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెబుతాను. పైగా నాలుగేళ్ల కిందట కిడ్నీలో రాయితో మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపాను కనుక, ఈ విషయం కొంత శ్రద్ధగానే చదివాను.

వైన్ నిలవ ఉంచిన పీపాల లోపలి గోడలకు గట్టిగా పేరుకునే మడ్డిని టార్టర్ అంటారు. 1527లో స్విట్జర్లాండ్ నగరమైన బాసెల్‌లో లాటిన్‌ను కాదని జర్మన్ భాషలో పాఠాలు చెప్పిన పారసెల్సస్, తిన్నదానిలోని పనికిరాని భాగం బయటికి పోనప్పుడు అదే విధంగా కీళ్లలోనూ మూత్రపిండాలలోనూ గడ్డకట్టి కీళ్లవాపు జబ్బైన గౌట్‌కూ రాళ్లకూ కారణమవుతుందని వాదించాడు. మంచిచెడ్డలను వేరుచేసే పని కడుపులో ‘ఆర్కియస్’ అనే శక్తి చేస్తుందన్నాడు. ఆ మాట వింతగానే ఉంటుంది. కానీ రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం పాళ్లు తప్పడమే రోగమని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ అనుయాయులు శతాబ్దాలుగా చెబుతున్న కాలంలో, ఫలానా పదార్థం ఫలానా అవయవంలో పేరుకోవడమే రోగమని చెప్పడం చిన్న మార్పు కాదు. బోరునీళ్లు కాచే హీటరు రాడ్డుకు కట్టిన తెల్లటి పెచ్చును గీకినవారికి ఆయన ఆలోచన ఇట్టే బోధపడుతుంది.

పదార్థం విషయంలో మాత్రం ఆయన పొరబడ్డాడు. పీపా మడ్డిలో ప్రధానంగా ఉండే పొటాషియం బైటార్ట్రేట్ మరిగే నీటిలో కరుగుతుంది. ఆవగింజ కంటే కాస్త పెద్దగా, గోధుమరంగులో, పల్లేరుకాయలా ముళ్లు తేలి ఉన్న నా రాయిలో పరీక్షకు పంపగా మిగిలిన ముక్కను గంటసేపు మరిగించినా కరగలేదు. అది కాల్షియం ఆక్సలేట్ అని రిపోర్టు వచ్చింది.

బ్రస్సెల్స్‌కు చెందిన వైద్యుడు, రసాయనవేత్త వాన్ హెల్మాంట్ 1644లో వెలువడిన తన రచనలో టార్టర్ వాదాన్ని తోసిపుచ్చి, రాయి మూత్రంలోని పదార్థాల నుంచే పుడుతుందన్నాడు. నిలవ మూత్రాన్ని స్వేదనం చేయగా వచ్చిన ఘాటైన ద్రవానికి గాఢమైన సారా కలిపితే క్షణంలో తెల్లటి ముద్ద విడిపోతుందని ఆయన చూపాడు. నిజానికి అది ఆల్కహాల్‌లో కరగక విడిపోయే అమ్మోనియం కార్బొనేట్, దానికి కిడ్నీ రాయితో సంబంధం లేదు. అయినా రెండు తేట ద్రవాలు కలిసి ఘనమవడాన్ని గాజుపాత్రలో చూపి రోగాన్ని వివరించిన ఆ పద్ధతిని నేను ఊహ అనలేను. అమ్మోనియం కార్బొనేట్ గాఢ ద్రావణంతో అదే ప్రయోగాన్ని ఏటా తరగతిలో చేస్తాను. పరీక్షనాళికలో తెలుపు కమ్ముకోగానే వెనక బెంచీలు కూడా లేచి ముందుకు వస్తాయి.